ఇంగ్లీషు ముంషీ చదివిన దవాఖానా చీటీ

సంగారెడ్డి తాలూకా కచేరీ వరండాలో మూడో స్తంభం దగ్గర, వాలు మూత ఉన్న చెక్కపెట్టె ముందు పెట్టుకుని చాప మీద ఫజలుద్దీన్ కూర్చునేవాడు. అర్జీలు రాయడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు అదే చాప. అంటే, చాప అదే కాదు లెండి, నాలుగైదు చిరిగిపోయి ఉంటాయి, చోటు మాత్రం అదే. భానూర్ నుంచి, పాశమైలారం నుంచి, ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి పని పడి వచ్చినవాళ్ళు తహసీల్దారు ఉన్నాడా అని అడిగేవాళ్ళు కారు, ముంషీ సాబ్ వచ్చాడా అని అడిగేవాళ్ళు. తహసీల్దార్లు వస్తుంటారు, పోతుంటారు. ముంషీ ఎక్కడికి పోతాడు?

ఆయన గురించి మంచిగా చెప్పేవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. నేనూ మంచిగానే చెబుతాను. కానీ మంచి ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఆయన ఒప్పుకునేవాడు కాడు. అందుకని 1971లో జరిగిన ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాల్సి వస్తోంది. చెప్పాలంటే నాకు కష్టంగానే ఉంది.

నిజాం కాలంలో ఆయన ఉర్దూ మిడిల్ పాసయ్యాడు. చేతిరాత ఎంత బాగుండేదంటే, కచేరీలో నకళ్ళు రాయాలంటే పెద్ద గుమాస్తాలు కూడా ఆయన్నే పిలిచేవాళ్ళు. పాత పహాణీల్లో, చెదలు కొట్టేసిన సేత్వారు భూమి రికార్డుల్లో ఎవడి భూమి ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. అది నిజమైన విద్య. దానికి ఎవరూ వంక పెట్టలేరు. తర్వాత రాజ్యం మారింది, రాష్ట్రాలు మారాయి, కచేరీ కాగితాల్లోంచి ఉర్దూ మెల్లమెల్లగా జారిపోయింది. తోటివాళ్ళు కొందరు కరాచీ పోయారు, కొందరు పాన్‌డబ్బాలు పెట్టుకున్నారు. ఫజలుద్దీన్ మాత్రం ముప్పై దాటిన వయసులో పలక పట్టుకుని తెలుగు నేర్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి తెలుగులో కూడా అర్జీలు రాశాడు. ఎంత పట్టుదల మనిషో చూడండి.

ఇంగ్లీషు దగ్గర ఆ పట్టుదల పనిచెయ్యలేదు.

రామచంద్రపురం వైపు, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. కోస్తా నుంచి ఇంజనీర్లు, ఫిట్టర్లు కుటుంబాలతో సహా దిగుతున్నారు. ఊళ్ళో మగవాళ్ళంతా ఖలాసీ ఉద్యోగమైనా దొరక్కపోతుందా అని ఆశపడుతున్నారు. ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషులో అర్జీ పెట్టాలి. ఫజలుద్దీన్ ఏం చేశాడంటే, చనిపోయిన ఒక వకీలు గారి ఇంట్లోంచి ఐదు రకాల ఇంగ్లీషు అర్జీల నమూనాలు సంపాదించాడు. వాటిని బొమ్మ గీసినట్టు గీసేవాడు. పేరు, ఊరు, తేదీ మార్చడం వచ్చు. అంకెలు వచ్చు. అచ్చు అక్షరాలు ఒకటొకటిగా గుర్తుపడతాడు. కలిపి రాస్తే పోల్చుకోలేడు, పోల్చుకున్నా అర్థం తెలియదు. ఆ బొమ్మలతోనే ఎంతోమందికి ఉద్యోగాలు వచ్చాయి. జనం ఆయన్ని ఇంగ్లీషు ముంషీ అనడం మొదలుపెట్టారు. ఆయన వద్దనలేదు. వద్దంటే చాప ఖాళీ అవుతుందని భయం.

సంగతి తెలిసింది ఒక్క భార్య ఫకృన్నీసాకే. "ఏదో ఒకరోజు ఎవడైనా పట్టుకుంటాడు చూడు," అని ఆమె దెప్పేది.

"ఎవడు పట్టుకుంటాడు? వచ్చేవాళ్ళకు నా అంత కూడా రాదు," అనేవాడు ఆయన. ఆ మాటకు నవ్వుకునేవాళ్ళు ఇద్దరూ.

చదవమని ఎవరైనా ఇంగ్లీషు కాగితం తెస్తే దానికి ఆయనకో పద్ధతి ఉండేది. కచేరీ కాగితాల మధ్య అన్నేళ్ళు ఉన్నవాడు కదా, కాగితం వాలకం చూసి సంగతి చెప్పేసేవాడు. అడుగున ఎర్ర సిరా గీత ఉంటే గడువు ఉన్నట్టు. గుండ్రటి మొహరు పడితే హుకుం. రిజిస్టరు పోస్టులో వస్తే తగాదా. ఏమీ లేకుండా ఉత్తగా నాలుగు పంక్తులు, కింద ఒక సంతకం ఉంటే మామూలు సమాచారం, భయపడాల్సింది లేదు. పది కాగితాల్లో తొమ్మిదింటికి ఆ లెక్క సరిపోయేది. సరిపోనప్పుడు కచేరీలోనే ఎవరి మాటల్లోనో అసలు సంగతి ఆయన చెవిన పడేది, సర్దుకునేవాడు.

ఇక రాజవ్వ సంగతి.

రాజవ్వది పాశమైలారం. మొగుడు పోయాక మరిది రెండెకరాలూ తన పేర రాయించుకోబోతే, ఆమె కొంగు నడుముకు చుట్టి నేరుగా సంగారెడ్డి వచ్చి ఫజలుద్దీన్ ముందు కూర్చుంది. ఆయన నాలుగు రోజులు రికార్డు గదిలో దుమ్ము మింగి, పాత ఉర్దూ పహాణీలో ఆమె మొగుడి పేరు పట్టుకున్నాడు. భూమి నిలబడింది. ఆ రోజు నుంచి ఆమెకు ఫజలుద్దీన్ మాట అంటే మాటే. కొడుకు మల్లన్నకు ఫ్యాక్టరీలో ఖలాసీ పని దొరికింది కూడా ఈయన గీసిన అర్జీతోనే.

రాజవ్వది పెద్ద గొంతు. కచేరీ గేటు దగ్గర ఉండగానే, "సాబ్, ఉన్నవా, నమాజుకు పోయినవా?" అని అరిచేది. దవడలో ఎప్పుడూ తమలపాకు, తంబాకు. వరండా మెట్ల మీద ఉమ్మిందని జవాను కసిరితే, "నీ కచేరీల ఉమ్మని గోడ ఒక్కటి సూపియ్యి, నోరు మూసుకుంట," అని తిరిగి తగులుకునేది. ఫజలుద్దీన్‌కు నవ్వు ఆగేది కాదు.

1971 ఎండాకాలంలో వచ్చినప్పుడు మాత్రం గేటు దగ్గర కేక వినపడలేదు. వచ్చి చాప ముందు కూర్చుంది. ఎడమ దవడ కొంచెం వాచి ఉంది.

"దవడల పుండయింది సాబ్. రెండు నెలలాయె, మానుతలేదు. పట్నం పెద్ద దవాఖానకు పోయిన. ఇంత ముక్క కోసి పరీచ్చకు పెట్టిన్రు. మల్ల రమ్మన్ననాడు పోతే గీ చీటీ ఇచ్చిన్రు."

"డాక్టరు ఏమన్నడు?"

"ఏమంటడు? మగ మనిషి రాలేదా అన్నడు. మా మల్లిగానికి డూటీ, రాలేదంటిని. గట్లయితే అంతా రాసిచ్చిన, సదివించుకో అన్నడు. జెర సదువు సాబ్. ఏం రోగమో, మల్ల పోవాల్నో వద్దో."

ఆమె తెలుసుకోవాలనుకున్నవి ఆ రెండే. ఆ రెండు ముక్కలు చెప్పడానికి అంత పెద్ద దవాఖానలో ఒక మనిషి దొరకలేదు చూశారా! రోగం ఆమెది, పుండు ఆమె నోట్లో. కబురు మాత్రం మగ మనిషికి చెప్పాలట. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఫజలుద్దీన్ చీటీ అందుకున్నాడు. మందపాటి తెల్లకార్డు. నీలం సిరాతో, కలిపి రాసిన రాత. ఒక్క అక్షరం కొరుకుడు పడలేదు. ఎర్ర గీత లేదు. మొహరు లేదు. నాలుగు పంక్తులు, కింద సంతకం. మధ్యలో ఒక అంకె మాత్రం స్పష్టంగా ఉంది. ఇరవై.

"మందులేమన్నా ఇచ్చిన్రా?"

"గోలీలిచ్చిన్రు."

అంతే. ఆయన మనసులో ఇరవై వెళ్ళి గోలీల పక్కన కూర్చుంది. చుట్టూ నలుగురు అర్జీల కోసం కాచుకుని ఉన్నారు. అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు. నాకు రాదు అనడానికి నోరు రాలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, కార్డు కొంచెం దూరంగా పట్టుకుని, చదువుతున్నట్టే పెదవులు కదిపాడు.

"పుండే రాజవ్వా, మామూలు పుండు. ఇరవై దినాలు గోలీలు మింగుమన్నడు. తగ్గుతది. పరేషాన్ గాకు."

"మల్ల పోవాల్నా?"

ఆమె ఆ మాట అడుగుతున్నప్పుడే, వద్దంటే బాగుండునని ఆమె మొహం చెబుతోంది. తొలకరి దగ్గరపడుతోంది, దుక్కి దున్నించాలి, పట్నం దాకా బస్సులో పడి వెళ్ళాలంటే మాటలా? ఫజలుద్దీన్‌కు జాలేసింది. ఆ జాలి ఆ క్షణంలో నిజమైనదే, నేను కాదనను.

"తగ్గకపోతే పో. తగ్గితే ఎందుకు?"

"బతికించినవ్ సాబ్," అని రాజవ్వ చీటీ మడిచి కొంగున కట్టుకుంది. పోతూ పోతూ జవానుకు ఒక చురక అంటించింది కూడా.

గోలీలతో నొప్పి కొంత తగ్గింది. వానాకాలంలో ఆమె ఒకసారి వచ్చి చెక్కపెట్టె మీద లేత మక్కకంకులు కుప్పగా పోసింది. "నీ మాట తోటి మంచిగనే ఉన్న. పుండు ఉన్నది, గని నొస్తలేదు," అంది. మాట మాత్రం కొంచెం నత్తిగా వస్తోంది. ఫజలుద్దీన్ ఆమె దవడ వంక మరోసారి చూశాడు.

ఆ సాయంత్రం కంకులు కాలుస్తూ ఫకృన్నీసా అడిగింది. "ఎవరిచ్చారు?"

చెప్పాడు. చీటీ సంగతి కూడా చెప్పాడు. ఆమె చేతిలో కంకి నిప్పుల మీదే మాడిపోయింది.

"ఇంగ్లీషు చీటీయా? నువ్వు చదివావా?"

ఆయన నిప్పులు ఎగదోస్తూ కూర్చున్నాడు.

"దవాఖానా చీటీ అది. భూమి కాగితం కాదు. అల్లా కోసం, పొద్దున్నే పోయి ఎవరినైనా అడుగు. నీ పరువు నాకొద్దు, పస్తులుంటాను."

"చీటీ ఆమె దగ్గరుంది."

"అయితే ఆమె దగ్గరికే పో."

పోవాలనే అనుకున్నాడు. చీటీ దగ్గర లేకపోయినా పై పంక్తిలో మాట ఆయన కళ్ళలో అలాగే ఉంది. గీసి గీసి అలవాటైన చెయ్యి కదా, ఒకరోజు పాడైన అర్జీ కాగితం వెనక ఆ మాట ఉన్నదున్నట్టు గీశాడు. డాక్టరు చేతిరాతే దిగింది. ఆ ముక్క పట్టుకుని కొత్త వకీలు వెంకటరామయ్య గది గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల ముగ్గురు కక్షిదారులున్నారు, మూడు ఊళ్ళవాళ్ళు, ముగ్గురూ ఆయన దగ్గర అర్జీలు రాయించుకున్నవాళ్ళే.

"ఏంటి ముంషీ గారూ, ఏమైనా పనా?" అన్నాడు వకీలు.

"ఏం లేదు, సలాం చెప్దామని," అని వెనక్కి వచ్చాడు. కాగితం చింపి కాలవలో పడేశాడు. మనిషి ఎంత పిరికివాడో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? తర్వాత రోజులు గడిచేకొద్దీ, బాగానే ఉన్నానంది కదా, ఎందుకు లేనిపోనిది అనుకుంటూ తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

ఆ ఏడు బతుకమ్మకు పాశమైలారంలో రాజవ్వ పాట లేదు. పాట ఎత్తుకోవడం ప్రతి ఏడూ ఆమె వంతు. గౌరమ్మను ఎత్తుకుని వచ్చింది గానీ నోరు తెరుచుకోలేదు. దసరా వెళ్ళిన నాలుగో రోజున మల్లన్న కచేరీకి వచ్చాడు.

"సాబ్, మా అవ్వకు దవడ రంధ్రం పడ్డది. గంజి తాగితే పక్కకెల్లి కారుతున్నది. పట్నం తోల్కపోవాలె. నాకు లీవిస్తలేరు, పని పర్మనెంటు గాలె, పోతే మల్ల రానియ్యరు. నీ కాళ్ళు మొక్కుత, నువ్వు పో. డాక్టర్లతోని ఇంగ్లీషుల మాట్లాడేటోడు నువ్వొక్కనివే ఉన్నవ్."

ఫజలుద్దీన్‌కు తల తీసేసినట్టయింది. అయినా లేచాడు. పెట్టెకు తాళం వేసి, మల్లన్న వెంటే వెళ్ళి, మర్నాడు రాజవ్వను బస్సెక్కించాడు. దారి పొడుగునా ఆమె కొంగుతో దవడ కప్పుకునే కూర్చుంది. వాసన వస్తుందని పక్క సీటు మనిషి లేచి వెళ్ళిపోతే, ఫజలుద్దీన్ ఆ సీట్లోకి మారి కూర్చున్నాడు.

దవాఖానలో వాళ్ళను చూసిన డాక్టరు పేరు కామేశ్వరరావు. కాకినాడ వైపు మనిషి. ముప్పై అయిదుకు మించవు. అక్కడే చదువుకుని, అక్కడే డాక్టరీ చదివే పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. చెడ్డవాడు కాడు. నిద్ర లేని కళ్ళు, కొరుక్కున్న గోళ్ళు. బల్ల మీద సైక్లోస్టైల్ చేసిన కాగితాల బొత్తి ఒకటి ఉంది. రోగులు ముదరబెట్టుకుని ఎందుకు వస్తున్నారో ఒక్కొక్కరినీ అడిగి రాసి, ఆయన పెద్ద డాక్టర్ల సభలో ఒక వ్యాసం చదవాలట. అది నెగ్గితేనే పై ఉద్యోగం. ప్రొఫెసరు ఇప్పటికి రెండుసార్లు తిప్పికొట్టాడు. ఇదంతా ఆయన పక్కనున్న కుర్ర డాక్టరుతో విసుగ్గా అంటుంటే ఫజలుద్దీన్ విన్నాడు. రోగిని చూస్తున్నంతసేపూ ఆ డాక్టరు కన్ను మాటిమాటికీ కాగితాల మీదికి పోతోంది. ఆ భయం ఎలాంటిదో ఫజలుద్దీన్‌కు ఒకరు చెప్పక్కర్లేదు.

పరీక్ష అయింది. డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఎందుకమ్మా ఇంత ఆలస్యం చేశారు? ఏప్రిల్లోనే చీటీ ఇచ్చాం కదా. వెంటనే రమ్మన్నాం, ఇరవై రోజులు వరసగా పుండుకు రేడియం కరెంటు పెట్టాలన్నాం. అప్పుడు చిన్న పుండు. మానిపోయేది."

ఇరవై. ఫజలుద్దీన్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"చీటీ చదివించుకోలేదా?" అన్నాడు డాక్టరు.

"సదివించిన," అంది రాజవ్వ. దవడ చేత్తో ఒత్తి పట్టుకుంటే గానీ మాట రావడం లేదు. "ముంషీ సాబే సదివిండు."

"మరి?"

రాజవ్వ ఒకసారి ఫజలుద్దీన్ వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

"సాబ్ సెప్పే ఉంటడు. దుక్కుల యావల పడి నేనే మర్సిన గావచ్చు. నాదే తప్పు."

డాక్టరు నిట్టూర్చి, బొత్తిలోంచి ఒక కాగితం లాగాడు. "చూశావా, మళ్ళీ అదే," అన్నాడు కుర్ర డాక్టరుతో. "నాలుగు గళ్ళు పెట్టాను. పేదరికం, భయం, నాటువైద్యం, నిర్లక్ష్యం. పదిమందిలో ఏడుగురు నిర్లక్ష్యమే." అని నాలుగో గడిలో గుర్తు పెట్టబోయాడు.

ఫజలుద్దీన్ బతుకంతా కాగితాల మీద గడిచింది. కాగితం మీద ఒకసారి పడిన ముక్క మనిషి పోయాక కూడా ఉంటుందని ఆయనకు తెలుసు. ఆమె భూమిని నిలబెట్టింది అలాంటి ముక్కే. ఇప్పుడు ఆమె పేరు పక్కన ఆ మాట పడబోతోంది. ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు, డాక్టరు కలం మీద చెయ్యి పెట్టేశాడు.

"రాయకు డాక్టర్ సాబ్. ఆమె మర్వలేదు. నేనే సదువలేదు."

"ఏమిటీ?"

"నాకు ఇంగ్లీషు రాదు. ఒక్క ముక్క రాదు. అందరూ ఇంగ్లీషు ముంషీ అంటరు, నేను ఊకున్న. ఇరవై అని అంకె చూసిన, గోలీల లెక్క అనుకున్న. తగ్గితే మల్ల పోవాల్సిన పని లేదని నేనే చెప్పిన. ఆమె తప్పు ఏం లేదు. నా పేరు రాయి. ఫజలుద్దీన్, అర్జీనవీస్, సంగారెడ్డి."

రాజవ్వ తలెత్తి ఆయన్నే చూస్తోంది.

డాక్టరు కాగితంలోకి వెర్రిగా చూశాడు. "దీనికి... దీనికి గడి లేదండీ," అన్నాడు. ఆ తర్వాత ఏమనుకున్నాడో ఏమో, రాజవ్వ కొంగు ముడిలోంచి తీసిచ్చిన పాత చీటీ తిప్పి చూశాడు. అడుగున సంతకం చూశాడు. అది ఆయనదే.

"ఇంత రాత రాసిన బదులు ఆ రోజు ఒక్క నిమిషం ఈవిడకు నోటితో చెబితే సరిపోయేది కదా," అన్నాడు మెల్లగా. ఎవరితో అన్నాడో తెలియదు. కాగితంలో ఏమీ గుర్తు పెట్టకుండానే బొత్తి కిందికి తోసేశాడు.

రాజవ్వను బయట బల్ల మీద కూర్చోమని పంపి, డాక్టరు ఫజలుద్దీన్‌తో చెప్పాడు. ఈసారి చీటీ రాయకుండా నోటితోనే చెప్పాడు. "క్యాన్సరండీ. మీ వైపు రాచపుండు అంటారేమో. ఎముకలోకి, మెడలోకి పాకిపోయింది. ఇప్పుడు కరెంటు పెట్టినా లాభం లేదు. నొప్పికి మందిస్తాను. రెండు నెలలు, మహా అయితే మూడు. ఆవిడకు చెప్పకండి. తగ్గిపోతుందని ధైర్యం చెప్పండి. అందరం అంతే చేస్తాం."

ఫజలుద్దీన్ తలూపాడు.

తిరుగు బస్సు మధ్యాహ్నం బయల్దేరింది. రాజవ్వ కిటికీ పక్కన, ఫజలుద్దీన్ ఆమె పక్కన. బస్సు లింగంపల్లి దాటింది. రామచంద్రపురం దగ్గర షిఫ్టు దిగిన వాళ్ళు, సంచుల్లో టిఫిను డబ్బాలు మోగించుకుంటూ, పకపకా నవ్వుకుంటూ ఎక్కారు. ఆ సందట్లో రాజవ్వ ఇటు తిరిగింది.

"నన్ను బయటికి పంపి ఏం జెప్పిండు?"

ధైర్యం చెప్పమన్నాడు డాక్టరు. చెప్పడం ఫజలుద్దీన్‌కు చేతగాని పనా? ఏళ్ళ తరబడి చేసిన పని అదే. తగ్గుతది రాజవ్వా, పరేషాన్ గాకు అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట మింగడం ఆయనకు ఎంత కష్టమైందో ఆ తర్వాత ఫకృన్నీసాకు చెబుతూ ఆయన పసివాడిలా ఏడ్చాడు.

"రాచపుండట రాజవ్వా. మెడలకు దిగిందన్నడు. ఇగ తగ్గదన్నడు."

"ఎన్ని దినాలు?"

"రెండు నెలలు. లేకుంటే మూడు."

ఆమె ఏడవలేదు. వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంది. "వడ్లు ఇంటికొస్తయి అప్పటికి," అంది. మళ్ళీ కాసేపటికి, "భూమి మా మల్లిగాని పేరు మీద జెయ్యాలె. నేనుండంగనే గావాలె. లేకుంటే మా మరిది మల్ల మీద పడ్తడు. ఆ కాగితం నువ్వే రాయాలె, ఉర్దూల ఉన్నయన్ని నీకే ఎర్క," అంది.

"రాస్త. రేపే రాస్త."

పటాన్‌చెరు వచ్చింది, పోయింది. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర కండక్టరు గంట కొట్టాడు. పాశమైలారానికి అక్కడ దిగి నడవాలి. ఫజలుద్దీన్ ముందు దిగి చెయ్యి చాపాడు. రాజవ్వ ఆ చేతి వంక చూసి ఆగింది. తర్వాత పట్టుకునే దిగింది. మెట్టు ఎత్తుగా ఉంది, ఒంట్లో సత్తువ లేదు, పట్టుకోవడానికి ఇంకెవరూ లేరు.

బస్సు కదిలిపోయింది. రోడ్డు పక్కన నిలబడి ఆమె కొంగు తీసి దవడ తుడుచుకుంది. చేత్తో ఒత్తి పట్టుకుని, ఒక్కొక్క మాట కూడబలుక్కుని అడిగింది. గొంతులో కోపం లేదు, తెలియనిది తెలుసుకోవడానికి అడిగినట్టే ఉంది.

"నాకు రాదు అని ఆనాడు ఒక్క మాట అంటే అయిపోవు గద, సాబ్. నేను ఇంకొకల్లను అడుగుతుంటి."

ఆమె కొంగు మళ్ళీ దవడకు కప్పుకుంది. తర్వాత ఊరివైపు నడిచింది. ఫజలుద్దీన్ ఆమె మందుల సంచి పట్టుకుని, నాలుగడుగులు వెనకగా, ఇంటిదాకా వెళ్ళాడు.